నాన్న తప్పిన పరీక్ష

మొన్న పొద్దున జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నా కారు పక్కనే ఒక పెద్ద నల్ల కారు వచ్చి ఆగింది. ముందు సీట్లో తెల్ల యూనిఫాం వేసుకున్న డ్రైవరు, యాభై దాటిన మనిషి, బండి ఆగీ ఆగగానే చెయ్యెత్తి లోపలి అద్దాన్ని కప్పు వైపు తిప్పేసి, మళ్ళీ బుద్ధిగా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. తెలియనివాళ్ళు చూస్తే అద్దం మీద దుమ్ము దులుపుకున్నాడనుకుంటారు. సినిమావాళ్ళ ఇళ్ళల్లో కుదిరిన డ్రైవర్లకు అది మొదటి పాఠం. వెనక సీట్లో ఎవరు ఎవరితో ఫోన్‌లో పోట్లాడుతున్నా, ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నా డ్రైవరు చూడకూడదు. చెవులు మూసుకుంటే బండి నడవదు కాబట్టి, కనీసం చూపన్నా వెనక్కి పోకుండా అద్దాన్ని పైకి తిప్పి, పక్క అద్దాలతోనే నెట్టుకురావాలి. ఎవరూ చెప్పరు, ఎక్కడా రాసి ఉండదు, కానీ ఆ కొండ మీది డ్రైవర్లందరికీ తెలుసు. సిగ్నల్ మారినా నేను కదల్లేదు. నా వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా తిట్టిన తిట్లకు గానీ నాకు తెలివి రాలేదు. మా నాన్న ముప్పై ఏళ్ళు అలా అద్దం పైకి తిప్పుకుని బతికినవాడు.

నాన్న నల్గొండ వైపు నుంచి వచ్చి, మొదట షూటింగులకు లైట్లు మోసే వ్యాను నడిపి, తర్వాత జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారి ఇంట్లో కుదురుకున్నాడు. ఆ ఇంటిని మేము పెద్దిల్లు అనేవాళ్ళం. నిర్మాతగారు తొందరగానే పోయారు. ఇల్లు నడిపింది అమ్మగారు. కృష్ణా జిల్లా మనిషి, నోరు గట్టిది, మనసు మెత్తనిది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు చిన్నబాబు. పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది నాన్న నడిపిన కారులోనే. బడికి దింపిందీ, బడి నుంచి ఏడుస్తూ వస్తే భుజాన వేసుకుని తిప్పిందీ నాన్నే. నన్ను అలా తిప్పిన గుర్తు నాకు లేదు. ఆ విషయం మీద చిన్నప్పుడు నాకు కుళ్ళు ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మేముండేది యూసుఫ్‌గూడలో, రెండు గదుల కిరాయి ఇంట్లో. నాన్న నడిచేటప్పుడు కూడా డ్రైవరే. సందు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, భుజం మీదుగా వెనక్కి చూసుకుని గానీ తిరిగేవాడు కాదు. ఆటో ఎక్కితే కుడికాలితో నేలను తొక్కుతూనే ఉండేవాడు, దిగేసరికి ఆటోవాడి కంటే ఈయనే ఎక్కువ అలిసిపోయి ఉండేవాడు. తెల్లచొక్కాల మీద ముడత పడితే అమ్మ మీద కాదు, ఇస్త్రీపెట్టె మీద అలిగేవాడు. పెద్దింటి కబుర్లు మాత్రం ఒక్కటి చెప్పేవాడు కాదు. ఏ హీరో కారెక్కాడు, ఏ హీరోయిన్ ఏం చీర కట్టుకుంది అని అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, "ఎక్కిన్రు, దిగిన్రు. అంతే" అనేవాడు. అంత పెద్ద పెద్దవాళ్ళను మోసుకు తిరిగి ఇంత చప్పగా చెప్పే మనిషి ఇంకొకడు ఉండడని అమ్మ బాధ.

పదేళ్ళ పైమాట ఇప్పుడు. ఒక సాయంత్రం, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, ఫిల్మ్ నగర్ నుంచి టోలిచౌకి వైపు దిగే వాలులో పెద్దింటి కారు ఒక సైకిలును గుద్దింది. సైకిలు మీద ఉన్నవాడు ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్. డ్యూటీకి పోతూ అన్నం డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని ఉన్నాడట. అక్కడికక్కడే పోయాడు. కారులో ఉన్నది ఇద్దరే, నాన్న, చిన్నబాబు. చిన్నబాబుకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. హీరోగా మొదటి సినిమా ఇవాళో రేపో మొదలవుతుందని ఫిల్మ్ నగర్‌లో టీ కొట్ల దగ్గర కూడా చెప్పుకుంటున్న రోజులు. నాన్న తిన్నగా పోలీస్ స్టేషన్‌కు పోయి కూర్చున్నాడు. నేనూ అమ్మా పరుగున అక్కడికి చేరేలోపే యూసుఫ్‌గూడ మొత్తం తీర్పు చెప్పేసింది.

మా పేటలో సగం మంది సినిమావాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళే. పెద్దవాళ్ళ పిల్లలు బండి గుద్దితే స్టేషన్‌కు పోయేది డ్రైవరే అన్న సంగతి అక్కడ పాల ప్యాకెట్లు వేసే మనిషికి కూడా తెలుసు. అలా పోయినవాళ్ళను మేము ఇద్దర్ని ఎరుగుదుం. అందుకని నాన్న "నేనే నడిపిన" అన్నప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరైనా అదే అంటారు కదా. పోలీసులతో అదే అన్నాడు. కోర్టులో అదే అన్నాడు. బెయిల్ మీద ఇంటికి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని అమ్మతో కూడా అదే అన్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "బైట జెప్పినవ్ సరే. ఇంట్ల గూడ గదే జెప్తవా? నాతోని గూడనా?" అంది. నాన్న ఆమె మొహంలోకి కాసేపు చూసి, తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. మళ్ళీ ఆ మాట మా ఇంట్లో ఎత్తలేదు. ఆయన మౌనం చూసి మా నమ్మకం ఇంకా గట్టిపడింది.

లాయరును పెట్టింది అమ్మగారే. నాన్నకు ఏడాది శిక్ష పడితే, ఆ ఏడాదిలో రెండు మూడుసార్లు ఆవిడ మా సందులోకి తన పెద్ద కారు పట్టకపోతే దిగి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. "మీ ఆయన మా ఇంటి మనిషమ్మా. మీకేం కావాలన్నా మొహమాటపడకుండా నాకు కబురు పెట్టండి" అనేది. తర్వాత తను వాడడం మానేసిన చిన్న కారును మాకు ఇచ్చేసింది. దాంతో మిగిలిన ఒకరిద్దరి అనుమానాలు కూడా తీరిపోయాయి. ఊరికే ఎవరన్నా కారు ఇస్తారా, నిప్పు లేందే పొగ వస్తదా అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ కారును చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కోర్టు వరండాలో చనిపోయిన వాచ్‌మన్ భార్య, పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి, నాన్న ముందు నిలబడి అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నీ మీద నాకేం కోపం లేదన్నా. పెద్దోళ్ళు జేసినదానికి నువ్వేం జేస్తవ్" అంది. ఆమె అంత మంచిగా మాట్లాడుతుంటే నాన్న గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. దయకు కదిలిపోయాడనుకుని నేను నీళ్ళ సీసా అందించాను.

చిన్నబాబు సినిమా మొదలు కాలేదు. కారు గుద్ది డ్రైవరును జైలుకు పంపినవాడు అన్న పేరు ఫిల్మ్ నగర్‌లో ఎవరి నోట విన్నా వినిపించేది. తను నడపలేదని అతను ఎంత చెప్పుకున్నా ఎవరూ నమ్మలేదు. నేను అక్కడే ఒక డబ్బింగ్ స్టూడియోలో ఏ రోజు ఎవరు వచ్చి ఏ పాత్రకు గొంతు ఇవ్వాలో చూసుకునే పనిలో ఉండేదాన్ని. ఒకరోజు చిన్నబాబు వచ్చాడు. ఎవరి సినిమాలోనో హీరో స్నేహితుడి పాత్ర దొరికిందట. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "నాన్నగారు ఎలా ఉన్నారండీ?" అని అడిగాడు. నాన్న అప్పటికి జైల్లోనే ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గాజు గదిలో ఇంజనీరు, బయట బెంచీ మీద నలుగురైదుగురు ఆర్టిస్టులు వింటుండగా, "బాబూ, కనీసం ఈ మైకు ముందన్నా నిజం చెప్పండి" అన్నాను. ఎవరో నవ్వారు. అతను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పాత్రకు ఇంకొకరి చేత గొంతు చెప్పించారు. ఆ రోజు ఇంటికి పోయి అమ్మకు చెబితే నా నెత్తి నిమిరింది. గెలిచినట్టే అనిపించింది.

నాన్న జైలు నుంచి వచ్చేసరికి అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. ఉప్పు తిన్న ఇంటి కోసం మా ఆయన జైలుకు పోయిండని వార్డులో పక్క మంచాలవాళ్ళకు కూడా చెప్పి, ఆ గర్వంతోనే పోయింది. ఇక మిగిలింది నాన్నా నేనూ. నా పెళ్ళి అప్పటికే పెటాకులై, పుట్టింటికి చేరి మూడేళ్ళు, ఆ కథ ఇక్కడెందుకు. కోర్టు నాన్న లైసెన్సును కొన్నేళ్ళపాటు లాగేసుకుంది. ఆ కొన్నేళ్ళూ ఆయన ఒక ఫంక్షన్ హాలు ముందు కార్లను వరసగా నిలబెట్టించే పని చేశాడు. ఈల ఊదుతూ, చెయ్యి ఊపుతూ, ఊళ్ళోవాళ్ళందరి కార్లనూ ముందుకీ వెనక్కీ జరిపించడమే, ఒక్కదాంట్లోనూ కూర్చోవడం లేదు. తినడం తగ్గింది, మాట తగ్గింది. గడువు తీరాక తెలిసిందేమిటంటే, లైసెన్సు వెనక్కి కావాలంటే మళ్ళీ మొదటి నుంచీ రావాలి. ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని కంప్యూటర్ ముందు ట్రాఫిక్ గుర్తులు గుర్తుపట్టాలి, ట్రాక్ మీద బండి నడిపి చూపించాలి. ఆ కార్డు ఒక్కటి జేబులో పడితే మా పాత నాన్న తిరిగొస్తాడని నా ఆశ. నేను వెంటపడి వెంటపడి ఒప్పించాను. ఆయన చాలా రోజులు నసిగి, చివరికి ఒక షరతు పెట్టాడు. "నువ్వు గూడ నేర్సుకో బిడ్డా. ఇద్దరం ఒక్కనాడే పోదాం పరీక్షకు" అన్నాడు.

అలా నా చదువు మొదలైంది. రోడ్డు మీద తిప్పడానికి యూసుఫ్‌గూడలోనే ఒక డ్రైవింగ్ స్కూలు మాస్టరు. అసలు చదువు మాత్రం నాన్న దగ్గరే, అదీ కదలని కారులో. లైసెన్సు లేకుండా బండి కదిలించనని ఆయన ఒట్టు. అందుకని రోజూ పొద్దున్నే మా ఇంటి ముందు సందులో నిలిపి ఉన్న అమ్మగారి చిన్న కారులో, ఇంజను కూడా వెయ్యకుండా, నేను కుడి పక్కన, ఆయన ఎడమ పక్కన కూర్చుని ఊరంతా తిరిగేవాళ్ళం. "క్లచ్ నొక్కు. ఫస్ట్ ఎయ్యి. మెల్లగ ఇడువు. ఆఁ, కదిలింది బండి" అనేవాడు. ఎక్కడిదక్కడే ఉండేది. "కృష్ణా నగర్ మూల మీదికొచ్చినం. ఎడమ దిక్కుకెళ్ళి ఆటో అడ్డమొచ్చిండు. ఏం జేస్తవ్?" "హారన్ కొడతా." "హారన్ కొడితె వాడు ఇంకింత అడ్డమొస్తడు. కాలు బ్రేకు మీదికి దే. గేరు దిక్కు ఎందుకు సూస్తవ్, అదేమన్న పారిపోతదా?" చెక్‌పోస్టు దగ్గర ఎర్ర దీపం పడిందని రెండు నిమిషాలు నిజంగానే ఆపేవాడు, పచ్చదీపం ఆయనకు కనపడితే గానీ ముందుకు పోనిచ్చేవాడు కాదు. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ, "నిన్న బంజారా హిల్స్ పోయొచ్చిన్రు గద అక్కా, ఇయ్యాల యాడికి?" అని ఆటపట్టించేది. పెట్రోలు బంకులవాళ్ళు మమ్మల్ని చూస్తే ఏడుస్తారని నేను నవ్వేదాన్ని. నాన్న నవ్వేవాడు కాదు. ఆయన నిజంగానే డ్రైవింగ్‌లో ఉండేవాడు.

ఒకరోజు నేనే దారి చెప్పాను. "ఫిల్మ్ నగర్ మీదుగా టోలిచౌకి దిగుదాం నాన్నా. వాలు మీద అలవాటవుతుంది" అన్నాను. ఆయన చెయ్యి వచ్చి హ్యాండ్ బ్రేక్ మీద పడింది. "ఆ తొవ్వ వద్దు" అన్నాడు. "మెహిదీపట్నం దిక్కుకెళ్ళి సుట్టు తిరిగి పోదాం." కదలని కారులో కూడా ఆ వాలు దిగడానికి ఒప్పుకోలేదు. చూసిన చావు అలాంటిది, పాపం, అనుకున్నాను. ఇంకొకటి కూడా గమనించాను. నన్ను కూర్చోబెట్టినప్పుడు సీటూ, పక్క అద్దాలూ, లోపలి అద్దమూ వరసగా సరిచేయించేవాడు. తన అలవాటు పోకుండా తను ఆ సీట్లోకి మారినప్పుడు మాత్రం లోపలి అద్దాన్ని కప్పు వైపు తిప్పేసేవాడు. వెనక సీట్లో ఎవరూ లేరు కదా నాన్నా అంటే, "అలవాటు" అని ఊరుకునేవాడు. పరీక్షలో అలా చేస్తే ఊరుకోరని నేను పదిసార్లు చెప్పాను, పదిసార్లూ తల ఊపాడు.

పరీక్ష రోజు స్కూలు మాస్టరే మా కారు నడుపుతూ ఇద్దర్నీ తీసుకుపోయాడు. నాన్న చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని, బూట్లు మెరిసేదాకా రుద్ది, పెళ్ళికి పోతున్నట్టు తయారయ్యాడు. మా పేటవాళ్ళు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలిచే, పరీక్ష పెట్టే అధికారి రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, కోపిష్టి మొహం. ముందు నా వంతు. గడకర్రలు పాతిన ట్రాక్‌లో వెనక్కి తీసేటప్పుడు నాకు చెమటలు పట్టి చేతులు జారాయి, కానీ ఒక్క కర్రకూ తగల్లేదు. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నప్పుడు, "మెల్లగ ఇడువు" అన్న నాన్న గొంతు చెవిలో వినిపించి మెల్లగానే విడిచాను. బండి బెత్తెడు కూడా వెనక్కి జారలేదు. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో గీకి, "పాస్. దిగమ్మా" అన్నాడు. ట్రాక్ పక్కన నిలబడ్డ నాన్న వైపు చూశాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఉన్నాయి. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా అవి నాకు కనపడలేదు.

నాన్న కాగితాలు చూసి ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు తీశాడు. "ముప్పయ్యేండ్ల సర్వీసా? ఏ ఇంట్ల జేసినవ్?" అని అడిగాడు. నాన్న చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మెత్తబడింది. "ఓ, ఆ కేసా. నాకెరికే. ఎవల కోసం పోయినవో గూడ ఎరికే. నీకు నేను పరీక్ష వెట్టాల్నా పెద్దమనిషీ? ఒక్క సుట్టు తిప్పి సూపెట్టు, సంతకం వెడ్త" అని తనే ఎడమ పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. నేను ఆ కిటికీ పక్కనే నిలబడ్డాను. నాన్న సీటు జరుపుకున్నాడు. బెల్టు పెట్టుకుని ఇంజను వేశాడు. పక్క అద్దాలు చూసుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి, నేను సరిచేసి పెట్టిన లోపలి అద్దాన్ని కప్పు వైపు తిప్పేశాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "గిది ఇంటి డ్యూటీ గాదు. కిందికి తిప్పుకో" అన్నాడు. నాన్న చెయ్యి మళ్ళీ లేచింది. వేళ్ళు అద్దం అంచును తాకి ఆగిపోయాయి. "తిప్పవయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. నాన్న నుదుటి మీద చెమట చుక్క ముక్కు దాకా జారింది, ఆయన తుడుచుకోలేదు. ఎంతసేపు అలా ఉన్నాడో. చివరికి చెయ్యి దించుకుని, తాళం తిప్పి ఇంజను ఆపేసి, "నాతోని గాదు సార్" అని దిగిపోయాడు.

దారి పొడుగునా నేను తిట్టాను. మాస్టరు వింటున్నాడన్న సిగ్గు కూడా లేకుండా తిట్టాను. ఒక్క అద్దం తిప్పడానికి ఏం రోగం నాన్నా, ఇన్నాళ్ళ కష్టం, ఆయన సంతకం పెడతానన్నా కూడా చేజేతులా పోగొట్టుకున్నావు, ఇంకా ఆ ఇంటి పనివాడిలాగే బతుకుతావా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రెండు వారాలు మా మధ్య మాటల్లేవు.

నా కార్డు పోస్టులో వచ్చిన రోజు నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా ఫోటో మీద బొటనవేలితో తుడిచి, "బండి తియ్యి" అన్నాడు. ఎక్కడికంటే, టోలిచౌకి అన్నాడు. ఏ దారంటే, ఫిల్మ్ నగర్ మీదికెళ్ళి అన్నాడు. ముందు తలుపు తెరిచి పెట్టాను. ఆయన వెనక తలుపు తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్నను కారు వెనక సీట్లో చూడటం అదే మొదలు. కృష్ణా నగర్ మూల దాటాను, చెక్‌పోస్టు దాటాను, ఫిల్మ్ నగర్‌లోకి తిరిగాను. వాలు మొదలవగానే వెనక నుంచి నాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ దినం బాబుకు ఫోనొచ్చింది బిడ్డా. సినిమ ఆగిపోయిందని. ఎనక కూసోని ఏడుస్తుండు. చిన్నప్పుడు బడికాడ ఏడ్సినట్టే, ఎక్కిళ్ళు వెట్టి. ముప్పయ్యేండ్లు నేను ఎన్నడు అద్దంల సూడలే. ఆ దినం మనసాగలే. చెయ్యెత్తి అద్దం కిందికి తిప్పిన. బాబు మొఖం కనవడ్డది. మళ్ళ ముంగటికి సూసేవరకు సైకిల్ మీదికి పోయిన." మళ్ళీ అదే మాట, "నేనే నడిపిన" అన్నాడు.

వెనక నుంచి వచ్చిన ఏడుపు నేను ఎన్నడూ వినని ఏడుపు. అమ్మ పోయినప్పుడు కూడా వినలేదు. నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి స్టీరింగ్ వదిలి అద్దం వైపు లేచింది. "సూడకు!" అని అరిచాడు నాన్న. "ముందు సూడు, ముందు!" రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఎడమ పక్క ఒక ప్రహరీ గోడ వారగా తీసి ఆపాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పిన గద" అన్నాడు. "అందరికి చెప్పిన. ఎవలిన్నరు? మీ అమ్మనే ఇనలే. రాను రాను నాకు గూడ మంచిగనే అనిపించింది. పేటల అందరు లేసి నమస్తే వెట్టవట్టిరి. అవి నాయి గావు అని ఎరికే. అయిన తీస్కున్న. బాబు బతుకు ఆగమైపోయింది. ఆ పాపం గూడ నాదే."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. చిన్నబాబు విషయంలో మా పేట అంతా తలా పిడికెడు పంచుకుంది, నా పిడికిలి మిగతావాళ్ళ కంటే పెద్దది. మైకు ముందన్నా నిజం చెప్పమన్నాను, నిజం చెబుతున్నవాణ్ణి. మర్నాడే పెద్దింటికి పోయాను. అమ్మగారు అంతకు ముందు ఏడాదే పోయారట. ఇల్లు చేతులు మారి, గోడలు పగలగొట్టి రెస్టారెంటు కడుతున్నారు. చిన్నబాబు ఊరు వదిలి ఎటు పోయాడో అక్కడ ఎవరికీ తెలియదు. ఫిల్మ్ నగర్‌లో తెలిసినవాళ్ళందరినీ అడిగాను, ఇప్పటికీ అడుగుతుంటాను. క్షమించమని అడగడానికి నాకు మనిషి దొరకలేదు. ఇదంతా తర్వాతి మాట. ఆ రోజు సంగతి ఇంకా ఉంది.

వాచ్‌మన్ భార్య టోలిచౌకిలో ఒక అపార్ట్‌మెంటులో మెట్లు కడుగుతూ, ఆ సెల్లారులోనే ఒక గదిలో ఉంటోంది. నాన్నకు ఆ చిరునామా ఎన్నేళ్ళుగానో తెలుసని అప్పుడు అర్థమైంది. జుట్టు బాగా నెరిసింది, నాన్నను చూడగానే గుర్తుపట్టింది. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. నాన్న కూర్చోలేదు. ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, నాకు చెప్పినదంతా, ఫోను, ఏడుపు, అద్దం, సైకిలు, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. "నీ మొగణ్ణి సంపింది నేనే చెల్లె. ఆ పిలగాడు గాదు. నన్ను తిట్టు. కొట్టు. నీ ఇష్టం" అన్నాడు. ఆమె అంతా విన్నది. వింటున్నంతసేపూ ఆమె మొహాన్నే చూస్తూ ఉన్నాను, ఎప్పుడు కోపం వస్తుందా అని. కోపం రావాలని దేవుణ్ణి మొక్కుకున్నాను కూడా. ఆమె లేచి కుండలో నీళ్ళు ముంచి గ్లాసు నాన్న చేతికిచ్చి, కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేండ్లయె," అంది. "ఇంక గూడ నీతోని గిట్లనే చెప్పిస్తున్నరా అన్నా ఆ పెద్దోళ్ళు?"

నాన్న ఆ నీళ్ళు తాగాడు. గ్లాసు బోర్లించి, దండం పెట్టి, బయటికి వచ్చి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ముందుకే చూస్తూ నడిపాను. మళ్ళీ పరీక్షకు పోదామని నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు. ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. ఫంక్షన్ హాలు ముందు ఈల ఊదుతూనే బతికాడు. పోయినరోజు యూసుఫ్‌గూడ సగం మా సందులోకి వచ్చింది. డ్రైవర్లందరూ కలిసి పెద్ద పూలదండ తెచ్చారు. యజమాని కోసం జైలుకు పోయిన మనిషి, ఈ కాలంలో ఇలాంటివాళ్ళు పుట్టరు అన్నారు. నేను ఏడుపు ఆపుకుని అందరికీ వినపడేటట్టు చెప్పాను, అది నిజం కాదు, ఆ రోజు బండి నడిపింది మా నాన్నే, చిన్నబాబుకు ఏ పాపం తెలియదు అని. ఎదురింటావిడ నన్ను దగ్గరికి తీసుకుని, "తండ్రి లెక్కనే బిడ్డ గూడ. సచ్చినా ఆ ఇంటి మాట బైట వెట్టరు" అని పక్కావిడతో అంది, పక్కావిడ అవునని తల ఊపింది.

కాలం గడిస్తే నిజం దానంతట అదే తేలుతుందని మా బడిలో పంతులుగారు చెప్పేవారు, నేను చూసిన కాలం మాత్రం ఆ నిజం వినాల్సినవాళ్ళనూ తెలిసినవాళ్ళనూ ఒక్కొక్కరినే తీసుకుపోయి, నమ్మనివాళ్ళ మధ్య నన్నొక్కదాన్నే మిగిల్చింది.